కరెంటు పోతేనే మాట్లాడుకునే ఊరు

పాయసం దేనికో

మా రాజపాళయంలో నా పూర్తి పేరు పోస్టుమ్యానుకు కూడా గుర్తుండదు. సిగ్నల్ రాజు అంటే మాత్రం పాల డిపో నుంచి మామిడి మండీ దాకా అందరికీ తెలుసు. సెల్ ఫోన్ కంపెనీలో ఫీల్డ్ ఇంజనీరుగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. పెళ్ళికి వెళ్తే భోజనాల దగ్గర పెళ్ళికూతురి తండ్రి నా విస్తరి ముందు వంగి, "రాజా, పాయసం ఇంకొంచం పోసుకో. మా మాడిమీద ఒక గీతే వస్తా ఉండాది, అప్పురంగా వచ్చి చూస్తావా?" అంటాడు. మాడి అంటే మా వైపు మేడ, అప్పురం అంటే తర్వాత. పాయసం దేనికో అప్పుడు అర్థమవుతుంది.

ఈ పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ప్రమోషన్ ఎప్పుడు, బదిలీ ఎక్కడికి అని అడుగుతారు. ఆ రెండింటి సంగతీ నాకు తెలియదు, తెలిసి ఉంటే నేనూ బాగుపడేవాడినే. టవర్ ఎక్కడం, యాంటెన్నా తిప్పడం, కొలతలు తీయడం ఎవరికైనా కొద్ది నెలల్లో వచ్చేస్తాయి. ఒక ఇంట్లో ఎవరు, ఎవరితో, ఏ వేళప్పుడు మాట్లాడాలని తపిస్తున్నారో కనుక్కోవడం అంత తొందరగా రాదు. అది రానివాడు టవర్‌ను బాగుచేస్తాడేమో గానీ ఇంటికి సిగ్నల్ తేలేడు. ఇది నేను సత్రపట్టిలో ఒక కోడలి వల్ల నేర్చుకున్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఇద్దరు బాసులు

నా మొదటి బాసు శంకరలింగం సార్. ఎవరి ఇంటికి వెళ్ళినా ఆయన ముందు మంచినీళ్ళు అడిగి తాగేవారు. సిగ్నల్ కొలిచే మీటరు సంచీలోంచి తీసేది ఆ తర్వాతే. "మీరు ఎక్కడ నిలబడి మాట్లాడతారు?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. దానికి వచ్చే జవాబులు వింటే నవ్వు ఆగదు. ఒకాయన ట్రాక్టరు మడ్‌గార్డు ఎక్కి మాట్లాడేవాడు. ఇంకొకావిడ మేకల దొడ్డిలో, అదీ తూర్పు మూల మాత్రమే. శంకరలింగం సార్ నవ్వేవారు కాదు. మమ్మల్ని కూడా ఆ దొడ్డిలో నిలబెట్టి, "ఇక్కణ్ణించి మీ అమ్మకు ఫోన్ చెయ్యి" అనేవారు. మేకల మధ్య నిలబడి అమ్మతో మాట్లాడితే గానీ ఆ కష్టం తెలియదు.

ఆయన తర్వాత వచ్చిన బాసు మదురైలో ఏసీ గదిలో ఉండేవాడు. ఆయన ముందు పెద్ద తెర, దానిమీద మా ప్రాంతం మ్యాపు. టవర్ పనిచేస్తుంటే పచ్చ చుక్క, చెడిపోతే ఎర్ర చుక్క. ఏ ఊరివాడు మొరపెట్టుకున్నా తెరవైపు చూసి, "పచ్చగా ఉందయ్యా, కంప్లైంట్ మూసేయ్" అనేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. పండక్కి అందరికీ మిఠాయి పంపేవాడు. తెరను నమ్మినంతగా మనుషుల్ని నమ్మకపోవడమే ఆయన జబ్బు. ఈ జబ్బు ఇప్పుడు చాలామందికి ఉంది.

జనానికీ ఒక జబ్బుంది, అదీ చెప్పాలి. సిగ్నల్ లేకపోతే బజార్లో దొరికే బూస్టర్ పెట్టె కొని గోడకు బిగించేస్తారు. అనుమతి లేని ఆ పెట్టె ఈలలు వేసినట్టు పిచ్చి సిగ్నల్ వదిలి చుట్టుపక్కల ఫోన్లన్నిటినీ చెడగొడుతుంది. మంసాపురం దగ్గర ఒక తోపు ఆసామి ఇలాంటిదే పెట్టించుకుని, "నాకి ఫుల్లుగా ఉండాది, అయినా ఎవరూ ఫోన్ చేసేదే లే, ఎందుకు సార్?" అని నాకే మొరపెట్టుకున్నాడు. పక్క తోపులో ఉన్న ఆయన సొంత తమ్ముడు ఫోన్ గాల్లో ఊపుకుంటూ నిలబడి ఉన్నాడు. పెట్టె పీకేశాను. తమ్ముడి ఫోన్ వెంటనే వచ్చింది, అన్నను తిట్టడానికి.

కిటికీకి వేలాడే ఫోను

సత్రపట్టిలో ఇంటింటా మగ్గాలే. తరి అంటారు వాళ్ళు. ఆసుపత్రుల్లో గాయాలకు కట్టే పల్చటి బ్యాండేజీ గుడ్డ అక్కడ నేస్తారు. అన్నీ కరెంటు తరులు. వీధిలో అడుగుపెడితే చప్పుడుకు చెవులు చిల్లులు పడతాయి. అక్కణ్ణించి పెరుమాళ్ అనే ఆయన కంప్లైంట్ మళ్ళీ మళ్ళీ వచ్చేది. మదురై దాన్ని మళ్ళీ మళ్ళీ మూసేసేది. చివరికి ఆయన ఫోన్లో కేకలేస్తే, పీడ విరగడవుతుందని నన్ను పంపారు.

ఇల్లు వీధి మొదట్లోనే ఉంది. ముందు భాగంలో రేకుల కింద రెండు తరులు, వెనక పెంకుల కప్పుతో వంటిల్లు. వీధిలోకి ఉన్న కిటికీ చువ్వకు బ్యాండేజీ గుడ్డను ఉయ్యాలలా కట్టి, అందులో ఒక సెల్ ఫోన్ పడుకోబెట్టారు. రేకుల కింద సిగ్నల్ రాదు. ఆ కిటికీ దగ్గర మాత్రం వస్తుంది, అదీ ఫోను చువ్వల మధ్యే ఉంటేనే. అందుకని ఉయ్యాల. ఫోను అందులోనే ఉండాలి, లౌడ్‌స్పీకర్ పెట్టి మనిషి కింద నిలబడి మాట్లాడాలి. ఆ ఉపాయానికి నేను ముచ్చటపడ్డాను.

పెరుమాళ్ నన్ను చూసి తరులు ఆపలేదు. దగ్గరికి వచ్చి అరిచాడు.

"రాండి సార్! మీకి ముందర ఇద్దరు వచ్చినారు. చూసినారు, అంతా సరిగా ఉండాది అనేసి పోయినారు. సరిగా ఉంటే నేను ఎందుకు సార్ మళ్ళా మళ్ళా చెప్తాను? నాకేమన్నా పిచ్చా?"

మీటరు తీసి చూశాను. కిటికీ దగ్గర సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. టవర్ ఎదురు వరస ఇళ్ళ వెనకే ఉంది, తలెత్తితే కనబడుతుంది. దీపం కింద చీకటి అంటారు గదా, ఇక్కడ అది కూడా లేదు. ఆ మాటే చెబితే పెరుమాళ్ ముఖం వాడిపోయింది. నా చెయ్యి పట్టుకుని వీధి చివరిదాకా తీసుకువెళ్ళాడు. ఆ చప్పుడులో గుట్టు మాట చెప్పాలంటే అంతదూరం పోవాల్సిందే.

"నా కొడుకు గణేశన్ గుజరాత్‌లో మిల్లు ఫిట్టరు సార్. పెండ్లయిన కొంచం దినాలకే లీవు అయిపోయి పోయినాడు. ఇప్పుడు నాకి ఫోన్ చేసి చెప్తా ఉండాడు, 'నాయనా, కల్యాణికి నేనంటే ఇష్టం లే. ఫోన్ చేస్తే అరుస్తాది. లేకుంటే రెండు మాటలు మాట్లాడేలోపల పెట్టేస్తాది. ఆ పిల్లని వాళ్ళమ్మోళ్ళ ఇంటికి పంపించేయండి, ఊరికే బతుకు ఎందుకు పాడు చేసేది' అని."

"మీ కోడలు ఏమంటాది?"

"ఏమీ అనదు సార్. బంగారు పిల్ల. తరి పని మా ఆడదానికన్నా బాగా నేర్చుకునింది. వచ్చే శుక్రవారం ఆ పిల్ల మేనమామలు వస్తా ఉండారు, పిలుచుకొని పోయేదానికి. తప్పు సిగ్నల్‌దిరా అని నేను చెప్పినా వాడు నమ్మేదే లే. నాకి నిద్రే లే సార్."

ఫోను పట్టుకుని ఆ పిల్లే ఇలా వీధి చివరికి రావచ్చుగా అని అడిగాను. ఆ మాట ఇంటికి వచ్చాక ఆయన భార్య రాములక్ష్మి చెవిన పడింది.

"కొత్త కోడలు ఫోన్ పట్టుకోని వీధి కొనలో నిలబడితే ఊరు ఊరుకుంటాదా సార్? కిటికీ కాడ మాట్లాడితే ఏమి తప్పు? మేమేమి పరాయోళ్ళమా?"

రాత్రి తరులు ఆగాక మాట్లాడుకోవచ్చు గదా అంటే, అప్పటికి గణేశన్ షిఫ్టులోకి వెళ్ళిపోతాడట. మిల్లు లోపలికి ఫోన్ తీసుకుపోనివ్వరు. ఆ మొగుడూ పెళ్ళాలకు మిగిలింది పగలే. పగలంతా తరులే. కల్యాణి అప్పుడు తరి దగ్గర నిలబడి తెగిన దారం ముడివేస్తోంది. మా మాటలు ఆమెకు వినబడే అవకాశం లేదు, అయినా తల ఎత్తి మావైపే చూస్తోంది.

అదే పెట్టేసింది

మదురై నుంచి ఫోన్ వచ్చింది. "చూశావా? పచ్చగానే ఉంది గదా? మూసేయ్." కొంచెం ఆగమన్నాను. శంకరలింగం సార్ ప్రశ్నకు ఇంకో ప్రశ్న తగిలించాలని అప్పుడే తోచింది. ఎక్కడ నిలబడి మాట్లాడతారో తెలిసింది. ఎప్పుడు మాట్లాడతారు?

పెరుమాళ్‌ను అడిగితే, ఇంత తెలియనివాడివేంటి అన్నట్టు చూశాడు.

"కరంటు పోయినప్పుడు సార్. కరంటు ఉండంగ మాకి ఫోన్ ఎందుకు? తరి ఓడతా ఉంటాది గదా!"

తరి ఓడడమంటే వాళ్ళ మాటలో మగ్గం నడవడం. నా ముందు వచ్చిన ఇద్దరూ కరెంటు ఉండగా వచ్చి, చూసి, వెళ్ళారు. నేనూ అంతే చేసి ఉండేవాడిని, వాళ్ళు ఇస్తానన్న కాఫీ కొంచెం ఆలస్యమైంది కాబట్టి సరిపోయింది. రాములక్ష్మి కాఫీ గ్లాసు చేతికిచ్చిన కాసేపటికి కరెంటు పోయింది. మొత్తం వీధిలో తరులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెప్పలేను, నా చెవుల్లో నాకే గుయ్యిమంది. మరుక్షణం ప్రతి కిటికీ దగ్గరా ఒక మనిషి. నూలు వ్యాపారికి ఒకడు, అక్కకు ఒకామె, పెళ్ళిచూపుల సంగతి ఒకావిడ, ఊరంతా ఒకేసారి ఫోన్ చేస్తోంది. సత్రపట్టి కరెంటు పోతేనే మాట్లాడుకునే ఊరు.

కల్యాణి తరి దగ్గర్నించి పరుగెత్తుకుంటూ వచ్చి ఉయ్యాలలో ఫోన్ నొక్కింది. అవతల గణేశన్ ఎత్తాడు.

"హలో... నేనే. తింటిరా?"

"ఊఁ. నువ్వు?"

"తింటిని. మీకి ఒకటి చెప్పాలని..."

అంతే. నా కాఫీ సగం కూడా కాలేదు, మీటరులో గీతలు ఒకటొకటిగా రాలిపోయాయి. టవర్ నిద్రపోయింది. దాని బ్యాటరీలు ముసలివైపోయి కరెంటు పోయాక కాసేపు కూడా ఆగలేకపోతున్నాయి. వీధిలో జనం ఏమీ ఆశ్చర్యపోలేదు. ఫోన్లు దులుపుకుని గడపల మీద కూర్చున్నారు. వాళ్ళకిది అలవాటే.

అప్పుడు నాకు మొత్తం అర్థమైంది. కరెంటు ఉంటే సిగ్నల్ ఉంటుంది, కానీ తరుల మీద అరవాలి. కరెంటు పోతే చప్పుడు ఉండదు, కానీ సిగ్నలూ ఉండదు. అరుస్తుంది, లేకపోతే పెట్టేస్తుంది అని గణేశన్ చెప్పింది అక్షరాలా నిజమే. అది కల్యాణి గురించి అనుకున్నాడు పాపం. అందులో ఆ పిల్ల తప్పు ఆవగింజంత లేదు.

కల్యాణి ఫోన్‌ను మళ్ళీ గుడ్డలో పడుకోబెట్టి మొదటిసారి నాతో మాట్లాడింది.

"సార్, నేను పెట్టలే. అదే పెట్టేసింది. ఎప్పుడూ అదే పెట్టేస్తాది. ఇది ఆయనకి ఎవరన్నా చెప్పండి సార్."

మిగిలిన కాఫీ కింద పెట్టేసి మీటరు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను.

మదురైతో తగవు

ఆ సాయంత్రమే బాసుకు ఫోన్ చేశాను. ఆ టవర్‌లో కరెంటు పోయిన వెంటనే కాల్స్ ఒక్కసారిగా పెరగడం ఆయనా తెరమీద చూశాడట. లెక్కలో ఏదో పొరపాటని వదిలేశాడు. "ఎవరైనా కరెంటు పోయినప్పుడే ఫోన్ చేస్తారా?" అన్నాడు. తరి ఊరివాళ్ళు చేస్తారు సార్ అన్నాను. బ్యాటరీలు మార్చమంటే, అవి టవర్ కంపెనీవి, వాళ్ళకు రాయాలి, వాళ్ళు ఇంకెవరికో రాయాలి అన్నాడు. ఈ వ్యాపారంలో టవర్ ఒకరిది, బ్యాటరీ ఒకరిది, సిగ్నల్ ఒకరిది. తిట్లు మాత్రం మనవి. పిల్లలూ, ఇది ముందే తెలుసుకుని చేరండి.

రాతకోతలు జరిగేలోపల శుక్రవారం వచ్చి పోతుంది. అందుకని ఊరి సంగతి తర్వాత, ముందు ఆ ఇంటి సంగతి చూద్దామనుకున్నాను. రాజపాళయం రోడ్డులో మిల్లుల దగ్గర ఇంకో టవర్ ఉంది. దానికి జనరేటర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా నిద్రపోదు. దాని సిగ్నల్ సత్రపట్టిదాకా వస్తుంది గానీ చాలా పల్చగా, అదీ ఇంటి వెనకవైపు నుంచి. ముందు కిటికీలో వేలాడే ఫోనుకు అది అందనే అందదు. వెనకగోడకు ఇనప గొట్టం బిగించి, ఆ టవర్ వైపు మాత్రమే చూసే చిన్న యాంటెన్నా పెట్టి, వైరు లోపలికి లాగి, సిమ్ కార్డుతో పనిచేసే బల్ల ఫోను తగిలిస్తే చాలు. కంపెనీ అనుమతి ఉన్న సామానే. అలాంటి సెట్టు ఒకటి మా స్టోరులో దుమ్ము కొట్టుకుని ఉంది. లోపల సొంత బ్యాటరీ ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, దానికి రిసీవరు ఉంటుంది. చెవికి ఆనించుకుని మెల్లగా మాట్లాడుకోవచ్చు.

గురువారం పొద్దున సామాను దించుతుంటే రాములక్ష్మి అడ్డం వచ్చింది.

"ఫోన్ వంటింట్లో ఎందుకు సార్? ముందర పెట్టండి. అందరమూ వింటాము గదా!"

"వైరు అంతదూరం రాదమ్మా. వంటింట్లోకి వచ్చేదే కష్టం" అన్నాను.

నా సంచీలో ఊరు చుట్టేంత వైరు ఉంది. నా ఉద్యోగంలో ఆడిన అబద్ధాల్లో ఇంత పనికొచ్చినది మరొకటి లేదు. పెరుమాళ్ నా సంచీవైపు చూశాడు, నా ముఖంవైపు చూశాడు. "సార్‌కి తెలియదా? రాదంటే రాదు" అని భార్యను ముందుకు పంపేశాడు.

ఉండనీ

గొట్టం బిగించి, యాంటెన్నాను వెంట్రుకవాసి చొప్పున తిప్పుకుంటూ ఆ దూరపు టవర్‌ను పట్టుకున్నాను. ఇక కరెంటు పోవాలి. జీవితంలో కరెంటు పోవాలని దేవుడికి మొక్కుకున్నది ఆ ఒక్కసారే. రోజూ చెప్పాపెట్టకుండా పోయే కరెంటు ఆ రోజు పతివ్రతలా కూర్చుంది. వాళ్ళింట్లో భోంచేశాను. మోరు కూడా తాగాను, మజ్జిగను అక్కడ అలాగే అంటారు. పెరుమాళ్ తరుల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. మర్నాడే శుక్రవారం.

మూడో ఝాము దాటాక పోయింది. వీధి అంతా నిశ్శబ్దం, ఆ వెంటనే కిటికీ కిటికీకీ మనుషులు. పెరుమాళ్ ఇంటి కిటికీ ఒక్కటే ఖాళీగా ఉంది. కల్యాణి వంటింట్లోకి వెళ్ళి రిసీవరు ఎత్తింది. పెరుమాళ్, నేను అరుగు మీద కూర్చున్నాం. రాములక్ష్మి ఏదో వెతుకుతున్నట్టు మెల్లగా వంటింటి గుమ్మంవైపు జరుగుతోంది.

"ఏయ్, ఈడ రా! సార్‌కి ఇంకొంచం మోరు ఇయ్యి" అన్నాడు పెరుమాళ్.

"ఇప్పుడే గదా తాగినారు!"

"ఎండ గదా! ఇయ్యి!"

నేను కాదనకుండా తాగాను. కాసేపటికి వీధిలో టవర్ నిద్రపోయింది. జనం ఫోన్లు దులుపుకుని గడపల మీదికి చేరారు. నేను వంటింటివైపు చెవి పెట్టాను. మాట ఆగలేదు. ఏం మాట్లాడుతోందో వినబడలేదు, వినబడకూడదనే కదా ఆ తంతంతా. గొంతు మాత్రం తెలుస్తోంది, తగ్గు స్థాయిలో, తొందర లేకుండా. ఆ పిల్ల అసలు గొంతు అదన్నమాట. మధ్యలో ఏడ్చింది. పెరుమాళ్ నా మోకాలు గట్టిగా పట్టుకున్నాడు. అప్పుడు లోపల్నించి నవ్వు వినిపించింది.

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. భుజాల మీంచి మూట దించినట్టయింది. మర్నాడు మేనమామలు వచ్చి, కోడిపులుసు తిని, ఒట్టి చేతులతో తిరిగి వెళ్ళారని పెరుమాళ్ తర్వాత చెప్పాడు. టవర్ బ్యాటరీలు కూడా కొన్నాళ్ళకు మారాయి. మదురై బాసు ఒకరోజు స్వయంగా సత్రపట్టి వచ్చి, కరెంటు పోయేదాకా కూర్చుని, చూసి వెళ్ళాడు. ఆయన మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

కానీ ఆ గురువారం సంగతి ఇంకొంచెం ఉంది. నేను సంచీ సర్దుకుంటుండగా కరెంటు వచ్చింది. ఎదురింట్లో తరి మొదలైంది, పక్కింట్లో మొదలైంది, చూస్తుండగానే వీధంతా దడదడమంది. పెరుమాళ్ అలవాటు కొద్దీ లేచి గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి మీద చెయ్యి వేశాడు. వేసినవాడు వంటింటివైపు చూసి అలాగే నిలబడ్డాడు. తర్వాత చెయ్యి తీసేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

రాములక్ష్మి బయటికి వచ్చి, "కరంటు వచ్చేసింది గదా, తరి ఓడించలేదా?" అని గట్టిగా అడిగింది.

"ఉండనీ" అన్నాడు పెరుమాళ్. "పిల్లోళ్ళు ఇంకా మాట్లాడతా ఉండారు."